అనంతమ్మ లెక్క చెప్పదు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ పోయే దారిలో ద్రాక్షతోటలు పోయి ప్లాట్లు పుట్టుకొస్తున్న కాలమది. రాళ్ళు పాతిన ప్రతిచోటా ఒక కాలనీ, కాలనీ పడిన ప్రతిచోటా ఒక సంక్షేమ సంఘం, సంఘం పెట్టిన ప్రతిచోటా ఒక తగాదా. అలాంటి ఒక కాలనీలో, మట్టిరోడ్డు కూడా సగంలోనే ఆగిపోయిన వీధిలో, గోడలకు ఇంకా సిమెంటు పూత పడని రెండు గదుల ఇంట్లో అనంతమ్మ కాపురం. నల్లగొండ జిల్లాలో దేవరకొండ దిక్కు పల్లె ఆమెది. భర్త గోపయ్య లారీ డ్రైవరు. ఆయన ఇంట్లో కంటే విజయవాడ రోడ్డు మీదే ఎక్కువగా ఉండేవాడు కనుక ఇంటి పెత్తనమంతా అనంతమ్మదే.

ఈ అనంతమ్మ ఏదడిగినా ఉన్నదున్నట్టు చెప్పదు. వయసెంత అంటే "ఏదో, నడుస్తున్నది" అంటుంది. వీధి వీధంతా మాంసం కూర వాసన కమ్ముకొస్తుంటే, ఏం వండావమ్మా అని అడిగినవాళ్ళకు "పచ్చిపులుసే" అంటుంది. సంచీ పట్టుకుని గడప దాటాక ఎవరైనా ఎక్కడికని అడిగారో, ఇక అంతే. వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, అడిగినవాళ్ళు కనుమరుగయ్యాక మళ్ళీ బయల్దేరుతుంది. ఈలోపు పోయే బస్సు పోతుంది. పోతే పోనీ అంటుంది.

పాపం, అబద్ధాలకోరు కాదు. ఆమె పెరిగిన ఊళ్ళో అది మర్యాద. బర్రె ఎన్ని పాలిస్తుందో, చేనెంత పండిందో, కడుపున ఎందరు పుట్టారో బయటికి చెప్పుకోరు. చెబితే కళ్ళు పడతాయి. అందుకే ఆఖరివాడికి బళ్ళో బాలకృష్ణ అని రాయించినా, ఇంట్లో మాత్రం పెంటయ్య అనే పిలుస్తుంది. అంత అందమైన పిల్లవాడిని అలా పిలవడానికి ఆమెకు నోరెలా వచ్చిందో అని పక్కింటి సుమిత్రమ్మ చాలా బాధపడేది.

సుమిత్రమ్మది తెనాలి. భర్త వెంకటేశ్వరరావు గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. ఆవిడది పూర్తిగా వేరే దారి. ఎవరు పలకరించినా కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, వంశవృక్షం మొత్తం విప్పి చూపించే మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం కొత్తగా తెరిచి, గుమ్మంలో ఒక డబ్బా పెట్టి, వివరాలు రాసి వేసినవాళ్ళలో ఒకరికి స్కూటరు ఇస్తామన్నారు. సుమిత్రమ్మ మూడు చీటీలు వేసింది. ఆయన జీతం, పిల్లల చదువులు, పుట్టినరోజులు, పెళ్లిరోజు, ఇంట్లో ఎవరు ఏ వేళకు ఉంటారు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. చీటీలో "మీకు తెలిసిన మరొకరి పేరు, చిరునామా" అని అడిగితే అనంతమ్మ పేరు కూడా రాసి పుణ్యం కట్టుకుంది.

స్కూటరు రాలేదు. మనుషులు వచ్చారు. కుక్కర్లవాడు, పుస్తకాలవాడు, చిట్టీలవాడు, ప్లాట్లవాడు ఒకరి వెనక ఒకరు దిగారు. అందరికీ ఆవిడ పేరు తెలుసు, పిల్లల మార్కులు తెలుసు. ఒక ఇన్సూరెన్సు ఏజెంటైతే పొద్దున్నే మల్లెపూల దండతో వచ్చి, "పెళ్లిరోజు శుభాకాంక్షలు మేడమ్" అన్నాడు. అసలాయన అప్పుడే గళ్ళలుంగీలో పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి ఎవరిది పెళ్ళి అని అడిగాడు. ఆ రోజు ఆ ఇంట్లో వంట కాలేదు. తర్వాత ఒకడు గ్యాసు ఆఫీసు నుంచి వచ్చానని నమ్మబలికి, గ్యాసు పొయ్యే ఇంకా రాకముందే ఆవిడకు లైటరు అంటగట్టి పోయాడు. అది ఒక్కసారి కూడా వెలగలేదు.

ఈ జనమంతా సుమిత్రమ్మ గేటు దాటాక అనంతమ్మ గేటు తట్టేవాళ్ళు. "అనంతమ్మ గారిల్లు ఇదేనా?" అంటే, తలుపు బెత్తెడు తెరిచి, "ఆమె ఊరికి పోయింది" అని చెప్పి అనంతమ్మ మూసేసేది. అంత నిబ్బరంగా తనను తాను ఊరికి పంపించుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఇలా సాగిపోతున్న అనంతమ్మకు ఒకే ఒక్క అవసరం వచ్చిపడింది. గ్యాసు పొయ్యి. ఇంట్లో ఉన్నది రంపపుపొట్టు కూరి వెలిగించే డబ్బా పొయ్యి. అది వంట కంటే పొగ ఎక్కువ పెట్టేది. రెండేళ్ళుగా ఆమెకు దగ్గు పట్టుకుంది. దగ్గు మొదలైతే గోడ పట్టుకుని కూర్చోవాల్సిందే. దవాఖానలో డాక్టరమ్మ మందులు రాసీ రాసీ విసిగి, "ముందు ఆ పొగ మానెయ్. లేకుంటే నా దగ్గరికి రాకు" అని కచ్చితంగా చెప్పేసింది. ఎల్.బి. నగర్‌లో కొత్తగా గ్యాసు ఏజెన్సీ తెరిచి, ఒక ఆదివారం కాలనీలోనే బల్ల వేసి పేర్లు రాసుకుంటుంటే, ఏ డబ్బా దగ్గరికీ పోని అనంతమ్మ అక్కడికి మాత్రం పోయింది.

పోయిందన్నమాటే గానీ, వెనక వరుసలో సుమిత్రమ్మతో సహా కాలనీ సగం నిలబడి ఉంది. అందరివీ చెవులే. గుమాస్తా వయసడిగాడు. ముప్పై అంది. సొంతూరు అడిగాడు. సూర్యాపేట దిక్కు అంది. ఇంటి నంబరడిగితే నోటికొచ్చిందేదో చెప్పింది. ఇంట్లో ఎంతమంది అన్నాడు.

"ఇద్దరం."

కొంగు పట్టుకుని నిలబడ్డ పెంటయ్యను గుమాస్తా కళ్ళద్దాల మీదుగా చూశాడు. "మరి ఈ బాబు?"

"మా చుట్టాల పిలగాడు."

పెంటయ్య ఆశ్చర్యపోయి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో అనంతమ్మ బెల్లంముక్క పెట్టింది. పేరు రాయడం అయిపోయింది. ఇంటికి మనిషి వచ్చి వంటగది చూసిపోతాడని, ఆ తర్వాతే గ్యాసు బండ ఇస్తారని గుమాస్తా చెప్పాడు.

ఆ మనిషి నెల దాటాక, నంబరు దొరక్క వీధిలో పేరు చెప్పి అడుగుతూ వచ్చాడు. చేతిలో నల్లసంచీ, జేబులో రెండు పెన్నులు. "అనంతమ్మ గారిల్లేనా? గ్యాసు ఆఫీసు నుంచి వచ్చాను."

అనంతమ్మకు సుమిత్రమ్మ లైటరు కళ్ళముందు మెదిలింది. మొన్న వచ్చినవాడూ ఇదే మాటన్నాడు కదా. వీడికి ఊరికి పోయిందని చెబితే రేపు మళ్ళీ వస్తాడు, ఏకంగా పీడ వదిలించుకోవాలనుకుంది.

"వాళ్ళు ఖాళీ చేసి పోయిన్రు."

"అయ్యో. ఎక్కడికి?"

"తుర్కయంజాల్."

"మరి మీరు?"

"మేం మొన్ననే దిగినం" అని తలుపు మూసింది. తన తెలివిని తానే మెచ్చుకుని, ఆ పూట పొట్టు పొయ్యి మీద ఉప్మా చేసుకుని దగ్గుకుంటూ తిన్నది.

వారం తిరక్కుండా సుమిత్రమ్మ ఇంటి ముందు రిక్షాలోంచి ఎర్రబండ దిగింది. అనంతమ్మ గోడ మీదుగా చూసింది. "నీకెట్ల ఒచ్చిందక్కా? నాకింక మనిషే రాలే."

"రాకపోవడమేమిటి? మీ ఇంటికి వచ్చాకే కదా మా ఇంటికొచ్చాడు. నల్లసంచీ పట్టుకుని, రెండు పెన్నులు పెట్టుకుని..."

అనంతమ్మ ఉన్నచోటనే కూలబడింది. పొగ లేకుండానే దగ్గొచ్చింది. నిజంగా ఏడుపొచ్చింది కూడా. ఇంత జాగ్రత్తగా బతికి, చివరికి తన గ్యాసును తానే తుర్కయంజాల్‌కు పంపించుకుంది. సుమిత్రమ్మ మనసు మాత్రం వెన్న. "లేవండి వదినా, పదండి. నేను సాక్ష్యం చెబుతాను" అని చెప్పులు వేసుకుని తయారైంది. ఇద్దరూ బస్సెక్కి ఎల్.బి. నగర్ పోయారు.

ఏజెన్సీ మేనేజరు రామమోహనరావుకు తలనొప్పి ఉన్నట్టుంది, నుదుటికి అమృతాంజనం రాసుకుని కూర్చున్నాడు. బల్ల చుట్టూ పది మంది. ఫైలు తీసి చదివాడు.

"అనంతమ్మ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిందని రాసుంది కదమ్మా."

"ఎవరు చెప్పిన్రు సారు?"

"ఆ ఇంట్లో కొత్తగా దిగినావిడ."

"గా కొత్తగ దిగినామెను నేనే."

"అంటే మీరు అనంతమ్మ కాదు."

"అనంతమ్మను గూడ నేనే!"

మేనేజరు నుదురు రుద్దుకుని నల్లసంచీ మనిషిని పిలిపించాడు. అతను ఆమెను చూడగానే సంబరంగా, "ఈవిడే సార్, కొత్తగా దిగినావిడ!" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

అప్పుడు సుమిత్రమ్మ ముందుకొచ్చింది. "నేను చెబుతానండీ. ఈవిడ అనంతమ్మగారే. దేవరకొండ వాళ్ళు. నలభై దగ్గరుంటాయి. పిల్లలు... ఇద్దరో ముగ్గురో, అడిగితే చెప్పదండి, ఒకేసారి అందరూ బయటికి రారు."

మేనేజరు ఫైలు చూశాడు. "ఇక్కడ సూర్యాపేట అని ఉంది. ముప్పై ఏళ్ళని ఉంది. ఇంట్లో ఇద్దరే అని ఉంది. పిల్లలే లేరు." సాక్ష్యం చెప్పి ఉన్న కొంప కూడా ముంచినందుకు సుమిత్రమ్మ నాలుక కరుచుకుంది.

"చూడమ్మా, ఆ రోజు ఏం చెప్పారో అదే ఇప్పుడు చెప్పండి. మీరే ఆ మనిషని నమ్ముతాను. ఇంటి నంబరేం చెప్పారు?"

అనంతమ్మ ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "యాదికొస్తలేదు సారు. నిజమైతే యాదుంటుండె."

"అయితే పేరు కొట్టేస్తున్నాను. మళ్ళీ రాయించుకోండి. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు." కలం తీశాడు.

రెండేళ్ళు. ఇంకో రెండేళ్ళు ఆ పొగలో కూర్చుంటే తన గతేమిటో డాక్టరమ్మ చెప్పకపోయినా అనంతమ్మకు తెలుసు. ఆ కలం మీద చెయ్యేసి ఆపింది.

"ఆగుండ్రి సారు. నిజం చెప్త. గానీ గీ కాయితం ఎవరు జూస్తరు?"

జన్మలో మేనేజరును ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "నేనే చూస్తాను."

"ఇంకెవరు?"

"ఇంకెవరూ చూడరమ్మా. బీరువాలో పెడతాం."

"బీరువా తాళమెవరి తాన ఉంటది?"

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. అనంతమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగిచ్చింది. "మీ గుమాస్తా చీరల దుకాణపోళ్ళకు గిట్ల ఇయ్యడు కద?" అని అడిగింది. ఇవ్వడన్నాడు మేనేజరు. అనేసి, ఎందుకైనా మంచిదని గుమాస్తా వైపు ఒకసారి చూశాడు. గుమాస్తా ఫ్యాను వైపు చూశాడు.

"గీ అందరి ముందల చెప్ప. జర లోపటికి రాండ్రి."

బయట పది మంది ఉండగా మేనేజరు లేచి, బండలు పెట్టే గదిలోకి ఆమె వెనక నడిచాడు. ఆయనకు నవ్వూ వస్తోంది, కోపమూ వస్తోంది. తలుపు దగ్గరికి వేశాక అనంతమ్మ గొంతు తగ్గించింది. వయసు ముప్పై ఎనిమిది అంది. ఊరి పేరు చెప్పింది, ఇంటి నంబరు చెప్పింది. అన్నీ నిజమే.

"పిల్లలు లేరని ఎందుకు చెప్పారమ్మా?"

"లేరనలే సారు. ఉన్నరని చెప్పలే."

"అదే, ఎందుకు? దిష్టా?" అని ఆయన నవ్వబోయాడు.

అనంతమ్మ నవ్వలేదు. "ఐదుగురుండిరి సారు. మా ఆడిబిడ్డ పెండ్లిల ఒకామె అందర్ని వరుసగ నిలవెట్టి, ఒక్కొక్కల తల మీద చెయ్యివెట్టి లెక్కవెట్టింది. ఎంత మంచిగున్నరమ్మ అన్నది. ఏడాది తిరగకముందే ఇద్దరు పోయిన్రు. జొరమన్నరు, దవాఖాన దూరమన్నరు. గదే కావొచ్చు. నాకు మాత్రం గా చెయ్యే కండ్లల్ల ఉన్నది. అప్పటిసంది ఎవ్వరికి లెక్క చెప్పలే." తర్వాత పెదవులు మాత్రం కదిలేలా అంది. "ముగ్గురున్నరు."

మేనేజరు కలం తీసి ఇంట్లో ఐదుగురని రాశాడు. పిల్లల పేర్లు, వయసులు రాసే గడులు ఇంకా ఉన్నాయి. "ఇవి బండ ఇవ్వడానికి అక్కర్లేదులెండి" అని వాటికి అడ్డగీత కొట్టి, కాగితం మడిచి, తనే తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బస్సులో సుమిత్రమ్మకు నోరు ఊరుకోలేదు. "లోపల ఏం చెప్పారు వదినా?"

"గ్యాసుకు కావల్సింది చెప్పిన."

ఆ సాయంత్రం అనంతమ్మ గేటు దగ్గరే నిలబడింది. పెద్దవాడు దశరథ వచ్చాడు, ఆడపిల్ల వచ్చింది. పెంటయ్య మాత్రం గోలీలాటలో పడి చీకటి పడేవేళకు వచ్చాడు. వాడిని గట్టిగా ఒక్కటి వేసి, అంతకంటే గట్టిగా వాటేసుకుని లోపలికి తీసుకుపోయింది. ఎందుకు కొట్టిందో, ఎందుకు ముద్దుపెట్టుకుందో వాడికి అర్థం కాలేదు.

ఐదోరోజున బండ వచ్చింది. బిగించడానికి వచ్చినవాడు ట్యూబు తగిలించి, పొయ్యి వెలిగించాడు. మంట నీలంగా, చప్పుడు లేకుండా లేచింది. అనంతమ్మ దాని దగ్గరికి మొహం పెట్టి, గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. దగ్గు రాలేదు. మళ్ళీ పీల్చి చూసుకుంది. అతను సామాను సర్దుకుంటూ మాటవరసకి అడిగాడు. "ఇంట్లో ఎంతమందమ్మా? బండ ఎన్నాళ్ళొస్తుందో చెబుతాను."

"మీ సారుకు చెప్పిన" అంది అనంతమ్మ, గిన్నె పొయ్యి మీద పెడుతూ. "నీకెందుకయ్యా? చాయ్ తాగి పో."