ఇంగువ కట్టిన కోటు

2023 ఫిబ్రవరి. కెనడాలోని కిచెనర్‌లో పిల్లల క్లినిక్ ఒకదానిలో నేను డైటీషియన్‌ని. మందులు రాయను, ఎవరికి ఏ తిండి పడుతుందో, ఏది పడదో చూసి చెబుతాను. నా గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, తలుపు వెనక కోట్లు తగిలించుకునే కొక్కేలు. అంతే నా సామ్రాజ్యం.

ఆ రోజు తొమ్మిదేళ్ల నిత్యను వాళ్లమ్మ మాధవి, అమ్మమ్మ రాజ్యలక్ష్మిగారు తీసుకొచ్చారు. మాధవి పక్క ఊరు వాటర్లూలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. నిత్యకు సీలియాక్ ఉందని అంతకు ముందు ఏడాది తేలింది. గోధుమ, బార్లీ లాంటివాటిలో గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లు అది తింటే పేగు లోపలి పొర దెబ్బతింటుంది. దీనికి మందంటూ లేదు, గ్లూటెన్ నోట్లోకి పోకుండా చూసుకోవడమే వైద్యం. రవ్వంత పోయినా ముప్పే.

వాళ్లింట్లో బ్రెడ్డు, ఉప్మారవ్వ, సేమ్యా అన్నీ ఎప్పుడో మానేశారు. అయినా పిల్లకు కడుపునొప్పి తగ్గలేదు, ఎత్తు పెరగలేదు. రక్తపరీక్షలో దిగాల్సిన అంకె దిగలేదు. ఇలాగే ఉంటే మళ్లీ ఎండోస్కోపీ, అంటే మత్తిచ్చి గొట్టం వేసి పేగు చూడటం, తప్పదని డాక్టరుగారు చెప్పేశారు.

“మీ దగ్గర దాచేదేముందండీ,” అంది మాధవి. “ఇది స్కూల్లో పిజ్జా పంచే రోజున దొంగచాటుగా తింటోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. బతిమాలా, తిట్టా. ఒప్పుకుంటేగా!”

“ఐ డిడ్న్‌ట్ ఈట్ ఎనీథింగ్,” అంది నిత్య నేల చూపులు చూస్తూ. “పిజ్జా డే రోజు ఐ సిట్ ఇన్ ద లైబ్రరీ.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. పిల్ల ఎదురుగా అలా అంటారా ఎవరైనా? అలాగని తిని తినలేదనే పిల్లల్ని నేను చూడకపోలేదు. అందుకే నోరు మూసుకుని అమ్మమ్మ వైపు తిరిగాను.

“ఆంటీ, ఇంట్లో వంట మీదేనా?”

“నాదేనమ్మా. చపాతీల పీట కూడా బయట పారేయించాను. దీనికి రెండు పూటలా చారన్నం, పెరుగన్నం. నా చేతి అన్నం తిని ఒళ్లు చేయని పిల్లను ఇప్పుడే చూస్తున్నాను,” అంటూ ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

నేను ముందే చెప్పి ఉండటంతో వంటింట్లోని ప్యాకెట్లన్నీ సంచీలో వేసుకొచ్చారు. ఒక్కొక్కటే తిప్పి లేబుల్ చదివాను. కారం, సాంబారు పొడి, అప్పడాలు, చిప్స్. మాధవి టూత్‌పేస్ట్ కూడా తెచ్చింది, పాపం. గోధుమ జాడ ఎక్కడా లేదు. ఇక చేసేదేముంది, డాక్టరుగారితో మాట్లాడతానని చెప్పి లేచాను.

కొక్కేనికున్న నిత్య కోటు తీసి అందించబోతే గుప్పుమని తాలింపు వాసన. చలికాలం ఇక్కడ కిటికీలు తెరిచే పని లేదు కదా, పోపు పెట్టిన ప్రతిసారీ కోట్లకూ కాస్త వాటా దక్కుతుంది.

“ఏమే, ఇంగువ కట్టిన గుడ్డలా ఉందే నీ కోటు!” అని నవ్వాను. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“ఆంటీ, సంచీలో ఇంగువ లేదేం?”

“నువ్వు ప్యాకెట్లు తెమ్మన్నావు కదమ్మా. ఇంగువకు ప్యాకెట్టెక్కడిది? కొట్టు నుంచి రాగానే స్టీలు డబ్బాలో పోసేసి ఆ ప్లాస్టిక్ సీసా పారేస్తాను.”

అదీ సంగతి! మన పోపులడబ్బాకు లేబుల్ ఉండదు. కొన్న రోజే సరుకు డబ్బాలోకి, లేబుల్ చెత్తలోకి. అసలు ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. దాని ఘాటు భరించలేమని అమ్మే పొడిలో పిండి కలుపుతారు. కొందరు బియ్యప్పిండి, కొందరు గోధుమపిండి.

ఆ మాటే చెబితే రాజ్యలక్ష్మిగారు కొట్టిపారేశారు. “చాల్లే అమ్మాయ్, ఇంగువలో గోధుమపిండేమిటి, చోద్యం కాకపోతే!”

సాయంత్రం మాధవి ఫోన్ చేసింది. ఇంటికెళ్లగానే ప్లాస్టిక్ చెత్త వేసే నీలం రీసైక్లింగ్ పెట్టె బోర్లించి వెతికిందట. “సీసా దొరికిందండీ. కలిపినవాటి జాబితాలో రెండో పేరే గోధుమపిండి. కింద గోధుమ ఉందని ముద్దక్షరాలతో మళ్లీ రాశారు,” అంది. వెనకనుంచి అమ్మమ్మ ఏడుపు వినిపిస్తోంది, “నా చేత్తో నేనే పెట్టానే” అని.

ఫోన్ ఆవిడకిమ్మన్నాను. “తెలిసి పెట్టారా ఏమిటి ఆంటీ? ఊరుకోండి. రేపటి నుంచి చారుకు వెల్లుల్లితో పోపు పెట్టండి.”

“వెల్లుల్లా!” అన్నారావిడ, ఏడుపు ఠక్కున ఆపి. “మా ఇంటావంటా లేదమ్మా.”

చివరికి బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి పట్టుకున్నారు. వేసవిలో మళ్లీ వచ్చినప్పుడు పోపులడబ్బా కూడా తెచ్చి చూపించారు రాజ్యలక్ష్మిగారు. ప్రతి గిన్నెకూ లేబుల్ కత్తిరించి టేపుతో అంటించారు. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చే మనవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను, ప్యాకెట్లతో పాటు పోపులడబ్బా కూడా పట్టుకురండని. పిల్లల్ని నిలదీసే ముందు ఆ డబ్బా మూత తీసి చూడాలని నాకు నేర్పింది ఈ కేసే.

వేసవిలో వాళ్లొచ్చిన ఆ రోజే కొత్త రక్తపరీక్ష కాగితం మాధవి చేతికిచ్చాను. అంకె బాగా దిగింది. ఎండోస్కోపీ అక్కర్లేదన్నారు డాక్టరుగారు. నిత్య మాత్రం ఆ కాగితం వైపే చూడలేదు. వాళ్లమ్మ మొహంలోకి చూసింది.

“సో, డూ యూ బిలీవ్ మీ నౌ?”

మాధవి కాగితం పక్కన పడేసి పిల్లను దగ్గరికి లాక్కుంది. “కాగితం చూశాక నమ్మడం ఏం నమ్మకమే తల్లీ! నువ్వు చెప్పిన రోజే నమ్మాల్సింది.”