సుందరరాజు తల వాల్చిన భుజం

అహోబిలం స్వామి పార్వేటకు, అంటే వేట పేరుతో ఊళ్ళు తిరిగే ఉత్సవానికి, బయలుదేరే పల్లకిని ముప్పై ఏళ్ళకు పైగా మోసినవాణ్ణి నేను. వాగు నడుము లోతున పారిన ఏడు కూడా పల్లకి అడుగు తడవనివ్వలేదు. ఒకసారి పెద్దలు పిలిచి శాలువా కప్పారు. ఈనాడు దిగువ అహోబిలంలో దండె, అంటే పల్లకి మోసే కర్ర, పట్టేవాళ్ళలో సగం మందికి అడుగు నేర్పింది నేనే. నా చదువు ఊరిబడిలో ఐదో తరగతితో ఆగింది. అయినా పార్థసారథి సంగతి నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు కనుక నా చేత్తోనే రాస్తున్నాను.

పార్థసారథి నాకు మేనల్లుడి వరస. నలభై దాటిన మనిషి. పార్వేట రోజుల్లో స్వామి పల్లకితో ఊరూరా తిరుగుతాడు. మిగతా ఏడాదంతా ఆళ్ళగడ్డ బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో కుర్చీ దిగడు. పల్లకి దండెకు అతని ముందు సుందరరాజు నిలిచేవాడు. ఇద్దరిదీ ఒకటే అడుగు.

పోయిన వేసవిలో ఆ ఇద్దరూ నంద్యాలలో ఫోన్ల సామాను కొనుక్కుని బస్సులో తిరిగి వస్తున్నారు. సుందరరాజు ఇతని కుడి భుజం మీద తల వాల్చాడు. అలసి నిద్రపోయాడనుకుని పార్థసారథి కదలకుండా కూర్చున్నాడు. ఆళ్ళగడ్డలో లేపితే లేవలేదు. ప్రాణం దారిలో ఎక్కడో పోయింది. ఎక్కడ పోయిందో, భుజం ఇచ్చిన ఇతనికే తెలియదు.

కొన్నాళ్ళకు పార్థసారథి భార్య కమలిని మా ఇంటికి వచ్చింది.

"చిన్నాయనా, ఈ మనిషి బతికుండంగానే సచ్చిపోతాండాడు. మెట్టెక్కడు, బిందె ఎత్తడు. ఎప్పుడు సూసినా మణికట్టు పట్టుకోని నాడి సూసుకుంటాంటాడు. కుడిపక్క ఎవురినీ కూసోనీడు. నన్ను గూడా!"

"డాక్టరుకు సూపిచ్చినారా?"

"నంద్యాలలో అన్ని పరీచ్చలూ అయినాయి. గుండె బాగుండాదంట, ఉండేది భయమేనంట. రోజూ చెమట పట్టేట్టు నడుచ్చే మనసు తేలికైతాదని చెప్పినారు. ఈయప్పేమో నడుచ్చే గుండె కొట్టుకుంటాది, ఎక్కువ కొట్టుకుంటే ఆగిపోతాది అంటాడు. ఈయేడు దండె పట్టనని కబురు గూడా పంపిచ్చినాడు."

ఆ మాటతో నేను లేచాను. ఒకసారి దండె దిగినవాడు మళ్ళీ ఎక్కడం నేను చూడలేదు. దుకాణానికి పోయి అడిగాను.

"ఏందప్పా, దండె వదిలేస్తాండావంట?"

"పల్లకి కింద గుండె ఆగిపోతే స్వామి కింద పడడా మామా?" అన్నాడు.

"పార్వేట దాకా రోజూ నాతో నడువు. అప్పటికీ నీకు భయమైతే నేనే ఇంకొకర్ని పెడతా."

మరునాడు తెల్లవారుతుండగా ఎగువ అహోబిలం దారి పట్టాము. పల్లకి మోసేటప్పుడు మాకొక అలవాటుంది. ఎత్తు ఎక్కుతుంటే ఒకడు "అడుగో!" అని పిలుస్తాడు, వెనకవాడు "అడుగే!" అని బదులు పలుకుతాడు. బదులు పలికినంతసేపూ ఊపిరి చాలినట్టే. బదులు రాకపోతే అడుగు తగ్గించాలి, అప్పటికీ రాకపోతే మనిషిని మార్చాలి. అదే పద్ధతిలో నడిపించాను. మొదటి మలుపు దగ్గరే రెండు చేతులతో రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు.

"సచ్చిపోతాండా మామా!"

"సచ్చేటోడు అంత గట్టిగా అరవడు లేరా."

పైకి అలా అన్నాను గాని, సాయానికి ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. చుట్టూ అడవి, మనిషి అలికిడి లేదు. డాక్టరు పొరపాటు పడి ఉంటే? వీడు నా చేతుల్లో పోతే కమలినికి ఏ మొహం చూపించను? పక్కనే కూర్చుని అతని నాడి పట్టుకున్నాను. కాసేపటికి దడ తగ్గింది.

"సూసినావా? ఎక్కితే పెరిగింది, కూసుంటే దిగింది. నా గుండె గూడా అంతే, పట్టుకో," అని నా మణికట్టు ఇచ్చాను. చాలాసేపు వదల్లేదు.

రోజూ నడిచాము. మలుపు దాటాము, ఇంకో మలుపు దాటాము. సంగటి ముద్ద మళ్ళీ పెట్టించుకుని తింటున్నాడనీ, రాత్రి నిద్రపోతున్నాడనీ కమలిని చెప్పింది. ఒకరోజు నేను ఆయాసపడుతుంటే "ఏం మామా, శాలువా బరువైందా?" అని ఎగతాళి చేశాడు. ఎన్ని నెలలకు విన్నానో ఆ ఎగతాళి!

ఇంతలో ముసురు పట్టింది. నడక ఆగింది. వాన వెలవకముందే కమలిని తడుస్తూ వచ్చింది.

"మళ్ళీ నాడి సూసుకుంటాండాడు చిన్నాయనా. అన్నం ముట్టల్యా. బేగా రా, యాడన్నా నడిపిచ్చు."

అప్పుడు నాకు నిజంగా భయం పట్టుకుంది. పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు, నడక ఆగితే చాలని కాచుకుని ఉంది. ఆ వానలోనే అతన్ని లాక్కుపోయి గుడి మండపంలో స్తంభాల చుట్టూ తిప్పాను. అప్పటినుంచి వాన ఉన్నా, జ్వరం వచ్చి తగ్గినా నడక మాననివ్వలేదు.

పార్వేట మొదలైన రోజు పార్థసారథి వచ్చి దండె దగ్గర నిలబడ్డాడు. ముందు సుందరరాజు చోట శ్రీరంగనాథ్ అనే కొత్తవాడు. దండె కుడి భుజం మీదికి రాగానే పార్థసారథి మొహంలో నెత్తురు లేదు. పల్లకి లేచింది. నేను పక్కనే నడుస్తున్నాను.

"అడుగో!" అన్నాను.

బదులు లేదు. అడుగు తగ్గించమని సైగ చేసి మళ్ళీ పిలిచాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఇన్నేళ్ళ నా పేరంతా పోయినా ఫరవాలేదు, ఈ మనిషి బతికితే చాలు అనుకున్నాను. మార్పు మనిషిని పిలవడానికి చెయ్యి ఎత్తాను.

"అడుగే!"

గొంతు బొంగురుగా ఉంది గాని మాట స్పష్టంగా ఉంది.

"మార్చమంటావారా?"

"దడదడా కొట్టుకుంటాంది మామా. కొట్టుకోనీ. నువ్వు పిలు."

దారి పొడుగునా పిలిచాను. ప్రతిసారీ పలికాడు.

మొదటి మజిలీలో పల్లకి దించాక గోడకానుకుని కూర్చుని నాడి చూసుకున్నాడు. అది దిగేదాకా చూసి చెయ్యి వదిలేశాడు. కమలిని నీళ్ళు తెచ్చి, మరిచిపోయి కుడిపక్కనే కూర్చుంది. అతని భుజం ఒక్కసారి బిగుసుకోవడం నేను చూశాను. పక్కకు మాత్రం జరగలేదు. నీళ్ళు తాగి నావైపు తిరిగాడు.

"పార్వేట అయిపోయినాక నడక యాన్నుంచి మామా?"

"అన్ని దినాలు పల్లకి మోసినోనికి ఇంకా నడకేందిరా? రెండు దినాలు పండుకో," అని ఎగతాళి చేశాను.

"వద్దు మామా," అన్నాడు భయంగా. "ముసురప్పుడు ఏమైందో సూసినావు గదా. మర్నాడే పిలు."