కప్పస్తంభం దగ్గర పదమూడుగురు పిల్లలు

గుడిలో అబద్ధమాడితే కళ్ళు పోతాయంటారు. నిజం చెబితే ఏం పోతుందో ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. పరువు పోతుంది. మనది కాదు, పక్కవాళ్ళది. సింహాచలం గుడిలో, సాక్షాత్తూ అప్పన్న ఎదట, ఒక్క ముక్కయినా అబద్ధమాడకుండా ఇద్దరు మర్యాదస్తుల పరువు ఒకే ఊపులో తీసిపారేసిన ఘనురాలిని నేను. నవ్వండి, నాకేం కోపం లేదు. ఇప్పుడు నేనూ నవ్వుతాను గానీ, ఆరోజు మాత్రం మెట్ల మీద కూలబడి చీరకొంగు సగం నమిలేశాను.

నా పేరు అప్పలనరసమ్మ. మాది విశాఖపట్నం జాలారిపేట. మా ఆయన వేటకెళ్ళి తెచ్చిన చేపలు గంపకెత్తుకుని ఊరంతా తిరిగి అమ్మేదాన్ని. నలభై దాటేదాకా అక్షరం ముక్క రాదు. రాయాల్సిన చోట బొటనవేలుంది కదా, అంతే ధీమా. ఒకరోజు సింహాచలం బస్సనుకుని ఎక్కి, గంపెడు కానాగంత చేపలతో తగరపువలసలో తేలాను. నడివేసవి. నేను దిగేసరికి అక్కడి జనం ముక్కులు మూసుకుని రెండు పక్కలా తప్పుకున్నారు, రాణీగారి ఊరేగింపుకి తప్పుకున్నట్టు. బస్సు బోర్డు చదవడం రాకుండా చావకూడదని ఆరోజే అనుకున్నాను.

స్టీలుప్లాంటు కడుతున్న రోజులవి. మా పేట మగాళ్ళు కొందరు వలలు వదిలి ఆ పనుల్లోకి పోతున్నారు. ఆడవాళ్ళ కోసం రూతు టీచరమ్మ వచ్చి లాంతరు వెలుతుర్లో సాయంత్రం బడి పెట్టింది. క్రైస్తవురాలు. తెల్లచీర, నల్లగొడుగు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో నాకన్నా చిన్నదే, అయినా మమ్మల్నందర్నీ "నా పిల్లలు" అనేది. మనవడిని చంకనేసుకుని వచ్చే మా ఎర్రమ్మ వదిన, అంటే మా ఆయన అక్క, ఆవిడ కూడా టీచరమ్మకి పిల్లే! ఈ 'పిల్లలు' అన్న మాట కాస్త గుర్తుంచుకోండి. కొంప ముంచింది అదే.

మొదట ఇరవైమందిమి చేరాం. ఒకర్తి మొగుడు ఆవిడ పలక నేలకేసి కొట్టాడు. ఒకర్తికి కళ్ళు ఆనలేదు. ఇంకొకర్తి, "నా పేరు నాకు వచ్చీసినాది, ఇంక సాలు" అని మానేసింది. అలా ఏడుగురు పోయారు, పదమూడుగురం మిగిలాం. బడులు చూసే ఆఫీసరు వచ్చి మమ్మల్ని గొర్రెల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి, "ఇరవైమంది లేని బడి నడపడం కష్టమండీ. ఈ ఉన్నవాళ్ళకైనా ఏమైనా వస్తోందా అని నా అనుమానం" అన్నాడు.

మూసేస్తాడన్నమాట. నాకప్పటికి ఒత్తులు సగమే వచ్చాయి. సగం చదువంటే సగం ఈత. అసలు రానివాడు నీళ్ళలో దిగడు, సగం వచ్చినవాడే మునుగుతాడు.

టీచరమ్మ మాత్రం నిదానంగా అంది: "గదిలో పరీక్షంటే బెదురుతారండీ. వీళ్ళని శంకరం ఊరి దగ్గర బొజ్జన్నకొండకి, సింహాచలానికి, హార్బరు పక్క మేరీమాత గుడికి తీసుకెళ్ళి చెక్కడాలు చూపిద్దామనుకుంటున్నాను. మీరూ రండి. అక్కడి బోర్డులు చదివిస్తాను, మీరే వినండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆయన సరేనన్నాడు. వ్యానులో పట్టే ఆరుగురిని టీచరమ్మ ఏరింది. చెక్కడాల వివరం చెప్పడానికి ఒక రిటైరైన డ్రాయింగు మేష్టార్ని పిలిచింది. ఆఫీసరు ముందు సీట్లో కూర్చున్నాడు, మొహం ఇస్త్రీ చేయించుకుని వచ్చినవాడిలాగ.

బొజ్జన్నకొండ దగ్గర మొదటి దెబ్బ. రాతిగోడలో తొలిచిన పెద్ద బుద్ధుడు. వానలకీ ఎండలకీ ముక్కూ మొహం అరిగిపోయాయి, అయినా నవ్వు మిగిలింది. మేష్టారు చెయ్యి చాచి, "చూడండమ్మా, ఇది ధ్యానముద్ర" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ముద్ర! ఆ మాట నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? బతుకంతా వేసింది అదే కదా!

"అయితే బాబూ, ఈయనకీ సదువు రాదేటి? ఈయనా ముద్రే ఏస్తాడా?"

"వేయడమ్మా, పడతాడు."

"ఎక్కడ్నించి?"

ఎర్రమ్మ వదిన నా జబ్బ గిల్లింది. "ఊరుకోవే! ఆ బాబు అలా సూత్తన్నాడు, సూడు."

ఆఫీసరు నిజంగానే చూస్తున్నాడు. టీచరమ్మ గొడుగు కొసతో నేల మీద ఏదో గీస్తోంది. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. ఆ సామెత చెప్పినవాడు జాలారిపేటలో పుట్టి ఉండడు.

సింహాచలం ఎక్కేసరికి ఎండ ముదిరింది. మేష్టారు గుడి గోడలమ్మట నడిపిస్తూ ఏనుగుల బారులు, వాయిద్యాలు పట్టుకున్న ఆడవాళ్ళు, హిరణ్యకశిపుణ్ణి తొడ మీద వేసుకున్న నరసింహస్వామి, అన్నీ చూపించారు. ఎన్నిసార్లు వచ్చానో ఈ గుడికి! పేరే ఆయన పేరు నాది. అయినా గోడల వంక ఒక్కసారీ చూడలేదు. దణ్ణం పెట్టాను, ప్రసాదం తిన్నాను, దిగిపోయాను. ఆ రాతి ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ అక్కడే వాయిస్తూ ఉన్నారు, నాకే వినబడలేదు.

మండపంలోకి వచ్చాక ఒక స్తంభం దగ్గర చిన్న బోర్డు. "అప్పలనరసమ్మా, నువ్వు చదువు" అంది టీచరమ్మ. నా మీద ఆవిడ నమ్మకం అలాంటిది. పాపం.

నేను చూశాను. క. తర్వాత పకి ప ఒత్తు. నా పేరులో ఉన్న ఒత్తే! చుట్టాన్ని చూసినట్టయింది. "క... ప్ప... స్తం... భ... ము!" గుడి దద్దరిల్లేలా చదివాను. ఆఫీసరు మొహంలో ఇస్త్రీ మడత కాస్త విడింది. "భేష్" అన్నాడు కూడా.

అక్కడితో ఆగితే నేను అప్పలనరసమ్మని ఎందుకవుతాను? మా వాచకంలో కప్ప బొమ్మ ఉంది. కప్పస్తంభమంటే మరి కప్ప ఉండాలి కదా!

"ఒలే, కప్పున్నాదంట, ఎతకండే!" అన్నాను.

ఆరుగురం స్తంభం చుట్టూ పడ్డాం. పైనొకర్తి, కిందొకర్తి. ఎర్రమ్మ వదిన ముక్కు రాతికి ఆనించి, "ఇదిగో, కాలు!" అంది. "అది కాలేటే, లతలాగున్నాది" అని ఇంకొకర్తి. "మరి కప్ప ఎటు గెంతీసినాదో" అని నేను.

మేష్టారు దగ్గుతూ చెప్పారు: "అమ్మా, కప్ప కాదు, కప్పం. వెనకటికి స్వామికి కప్పం కట్టిన స్తంభమంటారు."

ఆఫీసరు టీచరమ్మతో మెల్లిగానే అన్నాడు గానీ నా చెవులు సముద్రం హోరులో మాట వినే చెవులు. "చూశారా టీచరుగారూ, అక్షరాలొచ్చాయి, అర్థం రాలేదు. ఇలాంటి చదువుకి లాంతరు దండగ." టీచరమ్మ ఆయన్ని మండపం అంచుకి తీసుకెళ్ళి, గొడుగు ఆయన చేతికిచ్చి, రెండు చేతులతో ఏదో చెప్పుకుంటోంది. బడి కోసం బతిమాలుతోందని దూరం నుంచే తెలుస్తోంది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా మతితో పాటు అందరి బడీ పోతోంది. ఇంక మనుషులతో లాభం లేదు. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కితే కోరిక తీరుతుందని, ముఖ్యంగా పిల్లలు లేనివాళ్ళకి పిల్లలు పుడతారని మాకందరికీ నమ్మకం. వరసలో దూరి, స్తంభాన్ని వాటేసుకుని, "తండ్రీ అప్పన్నా, మా టీచరమ్మ పిల్లల్ని నిలబెట్టు!" అని ఎలుగెత్తి మొక్కాను.

స్తంభం దగ్గర నిలబడే గుడి మనిషి జాలిగా అడిగాడు: "పిల్లల కోసమా అమ్మా?"

"అవును బాబూ. నాకు కాదు, మా టీచరమ్మకి."

"మరి ఆవిడ కదా పట్టుకోవాలి?"

"ఆవిడ ఏసుబాబు మనిషి. ఆయనకి ఆవిడ సెప్పుకుంతాది, అప్పన్నకి నాను సెప్పుకుంతన్నాను."

"ఆహా. అసలు సంతానమే లేదా?"

"లేకేటి? పదమూడుగురున్నారు!"

వెనక వరసలో గాజులు గలగలమన్నాయి. పద్మనాభం ఊరి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నోరు తెరిచింది. "పదమూడుగురే!"

"మొదట ఇరవైమంది అమ్మా. ఏడుగురు పోనారు."

"అయ్యో నా తల్లీ! ఏటొచ్చి పోనారు?"

"ఏటి సెప్పమంతావు? ఒకర్తికి కళ్ళు ఆనక పోనాది. ఒకర్తి నాకింక సాలని పోనాది. ఉన్నోళ్ళయినా నిలవాలని ఈ మొక్కు."

ముసలమ్మ కళ్ళొత్తుకుంది. గుడి మనిషి, "ఆవిడ భర్త ఏం చేస్తారు?" అన్నాడు.

"భర్తేటి బాబూ? ఆవిడకి పెళ్ళే అవనేదు."

గంట కొట్టబోయిన ఒకాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధమూ ఆడకుండా, పెళ్ళే లేకుండా ఇరవైమంది కాన్పులు చేయించేశాను. అయినా నాకు తెలిస్తేనా! అందరూ మండపం అంచుకేసి తిరిగారు. అక్కడ తెల్లచీరలో టీచరమ్మ, ఆవిడ గొడుగు పట్టుకుని పక్కన ఆఫీసరు.

"ఆ గొడుగాయన ఎవుడమ్మా?" అంది ముసలమ్మ, గొంతు మారింది.

"ఆ బాబా? అంతా ఆ బాబు సేతిలోనే ఉన్నాది. ఆయన ఉంచుతానంటే పిల్లలుంతారు, ఒద్దంటే ఈదిలో పడతారు. పొద్దుట్నించీ ఆవిడ బతిమాల్తన్నాది. పదమూడుగురు సాలరంట ఆయనకి! ఇరవైమందీ ఉండాలంట!"

అంతే. ముసలమ్మ కొంగు బిగించి కదిలింది. వెనకాలే వరసంతా.

"ఏమయ్యా పెద్దమనిషీ! ఇంతమంది పిల్లల్ని ఈదిలో పడేత్తావా?"

ఆఫీసరు తెల్లబోయాడు. "పిల్లలేమిటి? నాకేం సంబంధం?"

ఆయన అనకూడని మాట అదొక్కటే.

"అదిగో! సమ్మంధం లేదంతన్నాడు!"

"అమ్మా, నాకు భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు..."

అనకూడని మాట ఇంకొకటి కూడా ఉందన్నమాట.

"ఇంకో ఇల్లు కూడానా!" అని ఆడవాళ్ళంతా ఒకేసారి అరిచారు. ఎర్రమ్మ వదిన పరిగెత్తుకొచ్చి నా చెవిలో, "ఓసి నీ నోరు పడ, ఏటి సెప్పినావే?" అంది. అప్పుడు, అప్పుడు తెలిసింది నాకు.

ఆఫీసరు గొడుగు పైకెత్తి అరిచాడు: "బడి! అది బడి! వాళ్ళు చదువుకునే ఆడవాళ్ళు! పిల్లలు కాదు!"

జనం ఆగారు. టీచరమ్మ తల ఊపింది. ముసలమ్మ కోపం తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు.

"ఆడోళ్ళు సదువుకుంతన్న బడా? మరి అలాటిది మూసీడానికి నీకు మనసెలాగొచ్చినాది?"

ఆఫీసరు చుట్టూ చూశాడు. రాతి నరసింహస్వామి కూడా ఆయన వంకే చూస్తున్నాడు, ఒళ్ళో హిరణ్యకశిపుడితో సహా.

"మూస్తానని... ఎవరన్నారు? మూయను."

"స్తంభం మీద సెయ్యేసి సెప్పు."

వేశాడు. చెప్పాడు.

నేను మెట్ల మీద కొంగు నమిలింది ఆ తర్వాతే. ఆఖరికి వ్యానెక్కి మేరీమాత గుడికి వెళ్ళాం. ఆ కొండ మీంచి చూస్తే కింద హార్బరు, ఓడలు, పొద్దువాలే ఎండ. టీచరమ్మ గోడ మీద కూర్చుంది. నేను వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"తప్పైపోనాది టీచరమ్మా. నలుగుర్లో నీ పేరు పాడు సేసీసినాను."

ఆవిడ ఓడల వంక చూస్తూ, "అప్పలనరసమ్మా, పిల్లలెంతమందని నన్ను ఎక్కడికెళ్ళినా అడుగుతారు. లేరని చెప్పి తలొంచుకునేదాన్ని. ఉన్నారని చెప్పింది నువ్వొక్కతివే" అంది. తర్వాత పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను. "ఇరవైమందే!" అని మొదలుపెట్టి నవ్వింది చూడండీ, గొడుగు జారి కొండవాలులోకి దొర్లిపోయింది. ఆఫీసరే దిగి తెచ్చాడు. తెచ్చి, ఆవిడకివ్వకుండా నా చేతిలో పెట్టి దూరంగా జరిగి నిలబడ్డాడు.

బడి నిలిచింది. నాకు ఒత్తులన్నీ వచ్చాయి. అర్థాలు ఇంకా వస్తూనే ఉన్నాయి, అవి వలలో పడ్డట్టే పడి జారిపోయే జాతి. ఏడాది తిరిగాక మొక్కు తీర్చుకోవడానికి సింహాచలం వెళితే, ఆ గుడి మనిషి నన్ను గుర్తుపట్టాడు.

"ఏమ్మా, ఆ టీచరమ్మ పిల్లలు బాగున్నారా?"

"అప్పన్న దయ బాబూ. ఇప్పుడు ముప్పైమంది!"

"ఏడాదిలోనా!" అని ఆయన స్తంభాన్ని పట్టుకున్నాడు, పడిపోకుండా.

"మరేటి! ఆ ఆపీసరు బాబు ఒట్టేసినకాడ్నించి ఎనక్కి తిరిగి సూడనేదు" అని ఉత్సాహంగా చెప్పి, సగం మెట్లు దిగాక నాలిక కరుచుకున్నాను. వెనక్కి పరిగెత్తేసరికి ఆయన అప్పుడే ఇంకొకాయనకి చెబుతున్నాడు.

కాబట్టి, సముద్రం సాక్షిగా, స్తంభం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంక గుడిలో ఎవరి తరఫునా మొక్కను. ఏ రాతిలోనూ కప్పని వెతకను. పిల్లలెంతమందని ఎవరడిగినా, ఏ పిల్లలని అడిగాకే నోరు విప్పుతాను. దీనికింద వేలిముద్ర వెయ్యడం లేదు, సంతకమే పెడుతున్నాను: అప్పలనరసమ్మ. ఒత్తు చూసుకోండి. కప్పలో ఉన్నదే.