చేతులెత్తినా కదలని దిష్‌దాషా

1992. మస్కట్ పక్కనున్న అల్ మవాలేలో ఒక చిన్న టైలరింగ్ షాపులో పనిచేస్తున్నాను. మాది ప్రొద్దుటూరు. మా నాన్న షేర్వాణీలు కుట్టేవాడు, నేను ఇక్కడికొచ్చి దిష్‌దాషాలు కుట్టాను. ఒమనీ మగవాళ్లు వేసుకునే, మడమల దాకా ఉండే తెల్లటి పొడుగు అంగీ అది. షాపులో ఇస్త్రీ పని రాజన్నది. నిజామాబాద్ వైపు మనిషి. చేతిలో ఇస్త్రీపెట్టె ఆగినా నోరు మాత్రం ఆగేది కాదు.

ఒకరోజు సాయంత్రం తెల్లజుట్టు పెద్దాయన ఒకరు నల్లకోటు చేతిమీద వేసుకుని వచ్చారు. పేరు పావెల్. సోవియట్ దేశంలో జీవితమంతా ఆర్కెస్ట్రా కండక్టర్‌గా పనిచేసిన మనిషి. కండక్టరంటే వాయించేవాళ్లకు ఎదురుగా నిలబడి, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ తగ్గాలో, ఎక్కడ హోరెత్తాలో చేతులతోనే చెప్పేవాడు. ఇక్కడి కుర్రవాళ్లకు నేర్పడానికి పిలిపించారట. వెంట ఆయన శిష్యుడు సాలిం వచ్చాడు. ఖబూరాలో చేపలు పట్టే కుటుంబం అతనిది.

"ఈ కోటు ఇతని కొలతకు తగ్గించాలి," అన్నారు పావెల్, వచ్చీరాని ఇంగ్లీషులో. "వచ్చే నెల కచేరీలో ఒక పాట ఇతను నడిపిస్తాడు. ఆ తర్వాత నేను ఇంటికి వెళ్లిపోతాను."

అది టెయిల్‌కోటు. ముందువైపు పొట్టిగా, వెనక రెండు తోకలతో ఉంటుంది. సాలిం దాన్ని చూసి తల వంచుకున్నాడు. "క్షమించండి, నేను దిష్‌దాషాలోనే నిలబడతాను," అన్నాడు మెల్లగా.

పెద్దాయన ముఖం చిన్నబోయింది. "నీ ఇష్టం. కానీ చేతులు పైకెత్తు! ఎన్ని నెలల నుంచి చెప్తున్నాను?" అని నా వైపు తిరిగారు. "చూడండి, అన్నీ తెలుసు ఇతనికి. చెవి బంగారం. కానీ చేతులు ఛాతీ దాటవు. చిన్న చెయ్యి చూస్తే వాళ్లు చిన్నగానే వాయిస్తారు. ఇలాగే ఉంటే వేరేవాణ్ని పెడతామంటున్నారు పైవాళ్లు. భయం, ఇంకేమీ కాదు." ఆ మాట అని బయటికి వెళ్లి సిగరెట్ వెలిగించుకున్నారు.

సాలిం కళ్లలో నీళ్లు తిరిగాయి. దుకాణాల్లో నేర్చుకున్న హిందీలో నాతో చెప్పాడు. "భయం కాదు భాయ్. చేతులెత్తితే అంగీ మొత్తం పైకి లేస్తుంది. వెనక పిక్కలు కనబడతాయి. నా వెనకే కదా జనం కూర్చునేది? మా నాన్న వస్తున్నాడు, మా ఊరి పెద్దలు వస్తున్నారు."

"మరి ఆయనకు చెప్పొచ్చు కదా?"

"ఉస్తాద్ దగ్గర నా కాళ్ల సంగతి ఎలా మాట్లాడను భాయ్? సిగ్గు. మీరూ చెప్పొద్దు."

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి రాజన్న అందుకున్నాడు. "గింతేనా? గీ ముచ్చటకేనా గురువు అక్కడ మొకం మాడ్చుకునుడు, శిష్యుడు ఇక్కడ ఏడ్సుడు?"

"నువ్వు గమ్మునుండు రాజన్నా," అన్నాను.

చెప్పొద్దన్నాడు గాని చూపించొద్దు అనలేదు కదా. పావెల్ గారిని లోపలికి పిలిచి, సాలిం వెనకాల ఉన్న స్టూలు మీద కూర్చోబెట్టాను. టేపు పట్టుకుని, "కొలత తీసుకోవాలి, రెండు చేతులూ పూర్తిగా పైకెత్తు తమ్ముడూ," అన్నాను. సాలిం నన్నొకసారి చూసి, కళ్లు మూసుకుని ఎత్తాడు. అంగీ అంచు మడమలు వదిలి పిక్కల సగానికి లేచింది.

పావెల్ గారు చాలాసేపు ఆ అంచునే చూశారు. తర్వాత తల చేతుల్లో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఎక్కడో ఏడుపుగా మారింది. "నేనెప్పుడూ ఇతనికి ఎదురుగానే నిలబడ్డాను, వాయించేవాళ్ల మధ్యన," అన్నారు. "వెనక నుంచి ఒక్కసారీ చూడలేదు." లేచి వెళ్లి సాలిం తలమీద చెయ్యి వేశారు. అతను ఆ చేతిని ముద్దు పెట్టుకున్నాడు.

ఇక పని నాది. చంక దగ్గర చెయ్యి అతికే గుండ్రాన్ని ఆర్మ్‌హోల్ అంటాం. అది ఎంత వదులుగా ఉంటే చెయ్యి అంత సులువుగా లేస్తుందని అందరూ అనుకుంటారు. నిజం తలకిందులు. వదులు ఆర్మ్‌హోల్ బట్టనంతా తనతో పైకి లాక్కుపోతుంది. చేతులెత్తే మనిషి కోటు ఎలా కుట్టారో చూద్దామని, పావెల్ గారి అనుమతితో దాని లోపలి కుట్లు విప్పాను. ఆర్మ్‌హోల్ బాగా ఎత్తుగా, చంకకు ఆనుకునేంత చిన్నదిగా ఉంది. ఎవరో తెలియని లెనిన్‌గ్రాడ్ దర్జీ పనితనం. ఆయన ఎదురుగా ఉంటే చేతులు పట్టుకునేవాణ్ని.

నేను సాలింకు కొత్త దిష్‌దాషా కత్తిరిస్తుంటే పావెల్ గారు టీ తాగుతూ మాట్లాడేవారు. ఆ కోటు వేసుకుని ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లలో, మంచు ఊళ్లలో కచేరీలు చేశారట. హాలులో వేడి లేకపోతే వాయించేవాళ్లు ఓవర్‌కోట్లతో కూర్చునేవారట. "నా మోచేయి కింద చెయ్యి పెట్టి మా గురువు నాకు ఎత్తడం నేర్పాడు. నేను చాలామందికి నేర్పాను. వాళ్లందరూ ఒకే దేశంలో ఉండేవాళ్లు. ఇప్పుడు తలా ఒక దేశంలో ఉన్నారు. ఎవరూ ఇల్లు కదల్లేదు, దేశమే విడిపోయింది." అది చెప్పి ఆయన గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయారు. ఇంకో టీ తెప్పించాను.

దిష్‌దాషాకు ఆర్మ్‌హోల్ ఎత్తు చేసి, చంక కింద చౌబగ్లా వేశాను. చెయ్యి లేచినప్పుడు విచ్చుకునే నాలుగు పలకల ముక్క అది. మా నాన్న షేర్వాణీ లోపలి కుర్తాలకు వేసేవాడు. కుట్టబోయే ముందు పావెల్ గారు కోటు చేతుల లోపలి తెల్ల లైనింగు చూపించి, "ఇందులో నుంచి ఒక ముక్క వెయ్యగలవా? పైకి కనబడకూడదు," అన్నారు. పాతబడిన గుడ్డ, లాగుడుకు ఆగదు. అందుకే కొత్త చౌబగ్లాకు లోపలి పొరగా వేశాను. కోటులో ఖాళీ పడిన చోట దిష్‌దాషా గుడ్డ ముక్క వేసి కుట్టాను. అది ఆయన అడగలేదు. చూసి, ఆ కుట్టు మీద బొటనవేలితో రెండుసార్లు నిమిరారు.

కచేరీకి నాకూ రాజన్నకూ పాసులు ఇచ్చారు. మా వరుసలోనే పావెల్ గారు, ఆయన పక్కన సాలిం తండ్రి కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. సాలిం వచ్చి మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. రెండు చేతులూ తలకన్నా పైకి లేచాయి. హాలంతా ఒక్కసారిగా మోగింది. పావెల్ గారు మాత్రం అతని చేతులను చూడటం లేదు, మడమల దగ్గర అంగీ అంచును చూస్తున్నారు. అది కదల్లేదు. సాలిం తండ్రి ఎందుకో తన చేతిని పావెల్ గారి చేతిమీద వేశాడు, పాట అయిపోయేదాకా తియ్యలేదు.

"ఉస్తాదూ, నాకైతే ఏం సమజ్ కాలె గని పానం నిమ్మళమైంది," అన్నాడు రాజన్న నాతో, బయటికొచ్చాక.

ఆ వారమే పావెల్ గారు వెళ్లిపోయారు. మళ్లీ కబురు లేదు. అంతకుముందు వరకు నేను ప్రతి మనిషినీ అటెన్షన్‌లో నిలబెట్టి కొలిచేవాణ్ని. బట్ట వేసుకుని మనిషి ఏం చేస్తాడో చూడకుండా కొలిస్తే అది సగం కొలతే అని ఆయన, సాలిం కలిసి నేర్పారు. ఇప్పుడు ప్రొద్దుటూరులో నా షాపుకు ఎవరొచ్చినా టేపు తియ్యకముందే, "మీరేం పని చేస్తారు? ఒకసారి చేసి చూపించండి," అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు సిగ్గుపడతారు. నేను మాత్రం వాళ్ల వెనక్కి వెళ్లి నిలబడతాను.