పగలని పిట్టలు

మంచిర్యాల దగ్గరి బొగ్గు గనిలో హాజరు గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఆదివారం పొద్దున ఆఫీసర్ల తుపాకి ఆటకు లెక్క కట్టే పని నాకే పడేది. స్ప్రింగు యంత్రం ఒక మట్టి బిళ్ళను గాల్లోకి విసిరేది. దాన్ని వాళ్ళు పిట్ట అనేవారు. పేల్చినప్పుడు కంటికి కనబడేంత ముక్క రాలితే ఒకటి, లేకపోతే సున్నా.

బయటినుంచి తెప్పించే పిట్టలు రైల్లోనే సగం విరిగిపోతున్నాయని పెద్ద ఇంజనీరు విసుక్కుంటే, మా బావ కుమ్మరి అని చెప్పాను. మాదీ కుమ్మరి ఇల్లే. సారె వదిలి, ఎవరూ నేర్పకుండానే లెక్కలు పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ధర్మపురి పక్క పల్లెలో అక్కా బావలకు కుండల బేరం బాగా తగ్గింది. ఈ పని దొరికితే ఇల్లు గడుస్తుంది.

మొదటి గంప బావే మోసుకొచ్చాడు. ఒక్కో బిళ్ళను వేలితో కొట్టి వినిపించాడు. కంచులా మోగాయి. ఇంజనీరు పేల్చాడు. తూటాలోని సన్నటి సీసపు ఛర్రాలు తగిలిన చప్పుడు అందరం విన్నాం. పిట్ట కాస్త వణికి, అలాగే పోయి గడ్డిలో దిగింది. బావ పరుగెత్తి తెచ్చాడు. దాని మీద నాలుగు చిన్న గుంటలు, అంతే.

"సూసినవా బామ్మర్దీ, తుపాకికి సుత పలుగలే."

"పలుగకుంటె సున్నా బావా."

"ఎవలికి?"

"ముందుగాల దొరకు. ఎన్కకు నీకు."

ఇంజనీరు నవ్వలేదు. వచ్చే ఆదివారం ఇంకొక్కసారి చూస్తానన్నాడు.

సెలవు పెట్టి బావ వెంట పల్లెకు పోయాను. పిట్ట సులువుగా పగలాలని మట్టిలో బూడిద పాలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాం. సగానికి సగమైతే చేతిలోనే చిట్లింది. మూడు పాళ్ళ మట్టికి రెండు పాళ్ళ బూడిద దగ్గర ఆగాం. అయినా బావ వేళ్ళు ఊరుకోవు, అంచులు ఒత్తి ఒత్తి నునుపు చేసేవి.

"గట్టిగ ఒత్తకు, జర ఇడ్శిపెట్టు. నీ బిడ్డనా గది?" అనేది అక్క.

"కావాల్నని సగం కచ్చిగ కాల్చుడు గిప్పుడే సూస్తున్న," అని గొణిగేవాడు.

ఆదివారం యంత్రం విసిరిన మొదటి పిట్ట పొడిపొడి అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పగిలిన ప్రతిసారీ బావ భుజం ఉలిక్కిపడేది. ఆట ముగిశాక ఇంజనీరు, వారానికో గంప తెమ్మన్నాడు.

బావ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"లెక్కెంత?"

"ఇరవై ఐదుకు ఇరవై రెండు."

"గా మూడు?"

"అవి తగలనియి బావా."

"తగలలేదో, తగిలి సుత పలుగలేదో, సూస్తె తెలుస్తది."

కండువా భుజాన వేసుకుని గడ్డిలోకి దిగాడు. నేనూ వెతకడానికి వెంట పోయాను.