ప్రశ్న ఉత్పన్నం కాదన్నారు

ఎనభైల మొదట్లో మాట. జహీరాబాద్‌లో పుట్టి పెరిగిన నన్ను ఝరాసంగం దారిలో ఒక పల్లెకు ఇచ్చారు. తొలి కాన్పుకు నొప్పులు మొదలైతే మా అత్తమ్మ నన్ను ఊళ్లోని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. లేడీ డాక్టరు పేరు అక్కడ బోర్డు మీద ఉంది కానీ మనిషి లేదు. ఉన్నది నర్సమ్మ ఒక్కతే. బిడ్డ అడ్డం తిరిగిందని ఆమె భయపడింది. మా ఆయన బొంబాయి రోడ్డు మీద లారీ ఆపి, ఉల్లిగడ్డ బస్తాల మధ్య నన్ను పడుకోబెట్టి సంగారెడ్డికి చేర్చాడు. నేనూ బతికాను, బిడ్డా బతికింది.

అందరూ దేవుడికి దండం పెట్టుకుని ఊరుకున్నారు. అత్తమ్మ ఊరుకోలేదు. మామ పోయినప్పటి నుంచి జొన్న, కంది వేసే మా చెలకలన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. ఎవరితోనైనా సూటిగా మాట్లాడటం ఆమెకు అలవాటు. జహీరాబాద్‌లో ఒక పెళ్లికి ప్రతిపక్షం శాసనసభ్యుడొకాయన వస్తే, భోజనం బంతిలోంచి లేచి ఆయన ముందుకు పోయి నిలబడింది.

"సారూ, మీరంత ఒక్కకాడ కూసోని మంత్రులను అడుగుతరంట గద. మా దవాఖానకు డాక్టరమ్మ ఎందుకొస్తలేదో జర అడగున్రి."

"అడుగుత పెద్దమ్మ. మరి నువ్వొచ్చి ఇంటవా?" అన్నాడాయన నవ్వుతూ.

"పిలిస్తె ఎందుకు రాను?"

ఆయన నిజంగానే పాసులు పంపించాడు. చంటిదాన్ని మా అమ్మ దగ్గర వదిలి అత్తాకోడళ్లం తెల్లారగానే హైదరాబాద్ బస్సెక్కాం. అసెంబ్లీ గేటు దగ్గర జవాను మా రొట్టెల మూట తీసి పక్కన పెట్టించాడు. పైన గ్యాలరీలో మాట్లాడొద్దనీ, కటకటాల మీదికి వంగొద్దనీ ఇంకొకాయన చెప్పాడు. అత్తమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని బిగుసుకుని కూర్చుంది.

మా ప్రశ్న వంతు వచ్చింది. ఆ దవాఖానలో లేడీ డాక్టరు లేని మాట నిజమేనా, నిజమైతే ఎప్పుడు వేస్తారు అని మమ్మల్ని పిలిచిన సభ్యుడు అడిగాడు. ఆరోగ్య మంత్రి లేచి కాగితం చూసి చదివాడు.

"లేదండి, నిజం కాదు. పోస్టు భర్తీ అయి ఉంది. కనుక రెండో ప్రశ్న ఉత్పన్నం కాదు."

"గదేందే, ఉత్పన్నం?" అత్తమ్మ నా చెవిలో అడిగింది.

"అడగాల్సిన పనే లేదంటున్నడు అత్తమ్మా."

"ఎందుకు లేదు!" గొంతు కాస్త పైకే లేచింది. వెనక నిలబడ్డాయన ఉష్ అన్నాడు. నేను పడ్డ బాధంతా ఆ ఒక్క ముక్కతో కొట్టేసినట్టయింది.

మా సభ్యుడు వదల్లేదు. "డాక్టరు పేరు అక్కడుంది, మనిషి సిటీల ఉంది. కాన్పుకొచ్చిన ఆడిబిడ్డను లారీల తోలిన్రు. మంత్రిగారు ఆ దవాఖాన ముఖం చూసిన్రా?" అన్నాడు. మంత్రి మళ్లీ అదే కాగితం చదవబోయాడు. ప్రతిపక్షం బెంచీల వాళ్లు లేచి, తప్పుడు జవాబని, రాజీనామా చేయాలని కేకలు వేశారు. మంత్రివైపు వాళ్లు కూడా లేచారు. స్పీకరు గంట కొట్టినా ఎవరూ వినలేదు.

గోల తగ్గాక మంత్రి కళ్లద్దాలు తీశాడు.

"నాకు రాసిచ్చింది చదివాను. అక్కడికి నేను వెళ్లలేదు. ఇది తప్పైతే ఆ తప్పు నాదే. కనుక్కుని ఈ సభకే వచ్చి చెబుతాను."

ఎవరో పకపకా నవ్వారు. నాకైతే ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అనిపించింది.

ప్రశ్నల సమయం అయ్యాక మా సభ్యుడు మమ్మల్ని వరండాలో నిలబెట్టి మంత్రిని పిలుచుకొచ్చాడు. దగ్గర్నుంచి చూస్తే బాగా అలసిన మనిషి.

"నిజంగా డాక్టరు లేదా అమ్మా?" అని అడిగాడు.

"ఉంటే నా కోడలు ఉల్లిగడ్డల లారీల ఎందుకు పోతది సారూ?"

ఆయన నా వైపు తిరిగాడు. "బిడ్డ బాగుందా తల్లీ?"

బాగుందని తలూపాను.

"నేనిప్పుడు మాటివ్వను. ముందు కనుక్కోనివ్వండి," అని వెళ్లిపోయాడు.

పబ్లిక్ గార్డెన్‌లో కూర్చుని రొట్టెలు తింటుంటే, మంత్రి మాట కూడా ఇవ్వలేదని నేను గొణుక్కున్నాను. అత్తమ్మ మాత్రం హుషారుగానే ఉంది. "మాటియ్యనన్నడు సూడు, గది నాకు మంచిగనిపిచ్చింది. ఓట్లప్పుడు వచ్చెటోళ్లు అడగకముందే ఇస్తరు. ఫికర్ జెయ్యకు, సూద్దాం."

కొన్నాళ్లకు దవాఖాన ముందు జీపు ఆగింది. వచ్చిన అధికారులు నర్సమ్మను గద్దిస్తుంటే అత్తమ్మ అడ్డం పోయింది. "ఆమె ఒక్కతే ఉండి ఊరందరినీ సూసుకుంటుంది. లేనోళ్లను అడగున్రి," అంది. ఆ తర్వాత మా సభ్యుడు కబురు పంపాడు. మంత్రి సభలో లేచి, ఆ రోజు చెప్పిన జవాబు తప్పని ఒప్పుకున్నాడట. ఆ డాక్టరు జీతం మా దవాఖాన పేరు మీద తీసుకుంటూ పని హైదరాబాద్‌లో చేస్తోందని చెప్పాడట. మళ్లీ గోలైందట. ఆయన మాత్రం అన్నీ నిలబడి విన్నాడట.

వానలు పట్టుకున్నాక కొత్త డాక్టరమ్మ వచ్చింది. కోస్తా పిల్ల, చిన్న వయసు. క్వార్టరు పైకప్పు కురుస్తోందని అత్తమ్మ ఆమెను మా ఇంట్లోనే ఉంచుకుంది. మొదట్లో ఆమెకు మా మాట సగమే అర్థమయ్యేది. కర్ణాటక సరిహద్దున న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చే వాళ్లు కన్నడం కలిపి మాట్లాడితే ఆ సగమూ అర్థమయ్యేది కాదు. అప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. "పానం గాబర గాబర అయితుందంటే ఏమిటండీ?" అని అడిగితే, గుండె దడగా, కంగారుగా ఉందని అర్థమని నేను విడమర్చి చెప్పేదాన్ని.

ఒక పొద్దున బండి మీద ఒక గర్భిణిని దవాఖానకు తెచ్చారు. డాక్టరమ్మ లోపల, మేమంతా బయట. ఎండ గోడ దిగి గుమ్మం దాకా వచ్చేసరికి బిడ్డ ఏడుపు వినిపించింది. డాక్టరమ్మ తడి చేతులతోనే బయటికొచ్చి, "పెద్దమ్మా, ఇద్దరూ మంచిగున్రు!" అంది, అచ్చం మాలాగే. అత్తమ్మ నవ్వుకుంటూ దవాఖాన వెనకే పొయ్యి రాజేసి చాయ్ పెట్టింది.