సెల్లారు గోడ మీద సుద్ద అంకెలు

మా చిన్న మామయ్యని వీధిలో అందరూ 'రంపం' అంటారు. మున్సిపాలిటీలో చెట్లు కొట్టే ఉద్యోగం. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తూ, కొట్టిన ప్రతి చెట్టు గురించీ మా ఇంటికొచ్చి బాధపడే మనిషి. "ఇంత ఏడ్చేవాడివి ఆ పని ఎందుకురా?" అని అమ్మ దెప్పేది. "ఇంకో పని చేతకాదక్కా" అని కంచం ముందుకు లాక్కునేవాడు.

అమ్మది కుట్టుపని. వాలు వీధి అడుగున, ఒక మేడ కింద సెల్లారు గదిలో రెండు మిషన్లు. పదకొండు మెట్లు దిగాలి. మెట్ల కింద చిన్న గచ్చు, దాని మీదికి తెరుచుకునే తలుపు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పొద్దున దిగిందంటే సాయంత్రం దాకా మళ్లీ ఎక్కేది కాదు. నేను పక్కన కూర్చుని గుండీలూ కాజాలూ కుట్టేదాన్ని.

వీధి పొడుగునా పద్నాలుగు చెట్లు, వాటి మధ్య మట్టిలో గుబురు పొదలు ఉండేవి. పెద్ద వాన మొదలైతే మామయ్య ఎక్కడున్నా వచ్చి మా పై మెట్టు మీద కూర్చునేవాడు, వాచీ చూసుకుంటూ. మొదటి చినుకు పడ్డాక ఎన్ని నిమిషాలకి వీధి నీళ్లు ఆ మెట్టుకి తగిలాయో, అమ్మ బట్టల మీద గీతలు గీసే నీలం సుద్దముక్కతో మా గది గోడ మీద రాసేవాడు. మొదటి అంకె నలభై.

"కొంత ఆకులు పట్టుకుంటాయి, కొంత వేళ్ల దగ్గర మట్టి తాగేస్తుంది. మిగిలిందే మన దాకా వస్తుంది" అనేవాడు. వానని కొలిచే బదులు చొక్కాలు కొలవడం నేర్చుకుంటే తనకి సాయంగా ఉండేదని అమ్మ నవ్వేది.

బండ్లు నిలపడానికి చోటు కావాలని ఆఫీసువాళ్లు అయిదు చెట్లు కొట్టించారు. కొట్టింది మామయ్యే. గోడ మీద ముప్పై ఒకటి. మరుసటి ఏడు పొదలన్నీ పీకేసి, వీధి శుభ్రంగా ఉంటుందని చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పరిచారు. పంతొమ్మిది. ఆ అంకె రాసిన రోజు మామయ్య అన్నం ముట్టలేదు.

అప్పుడు అమ్మకి ఒక బుద్ధి పుట్టింది.

"ఒరేయ్, మన ముందున్న ఆ రెండు చెట్లూ కొట్టేయరా. ఆకులు ఊడ్చలేక నా నడుం విరిగిపోతోంది. మెట్ల కింద తూము మూసుకుపోతోంది."

"అవే నిన్ను కాపాడుతున్నాయక్కా."

"ఊళ్లో అందరి చెట్లూ కొడతావు, అక్క అడిగితే మాత్రం నీతులు చెబుతావా?"

మామయ్య తల వంచుకున్నాడు. తల్లి పోయాక ఆయన్ని పెంచింది మా అమ్మే. ఆవిడకి ఎదురు చెప్పడం ఆయనకి రాదు. ఆవిడ చేత అర్జీ పెట్టించి, ఒక ఉదయం వచ్చి తనే కొట్టేశాడు. నేనూ సంతోషించాను, దాచడమెందుకు. తన నడుం విరుగుతోందని అమ్మ చెప్పినా, చీపురు పట్టేది నేనే.

తర్వాతి వానకి పన్నెండు.

"గది మార్చక్కా" అని బతిమాలాడు మామయ్య.

"బడి యూనిఫారాలు ఇచ్చేశాక చూద్దాంలే."

"అయితే మబ్బు పట్టినప్పుడల్లా తలుపు తీసి పెట్టు. బయట నీళ్లు నిలిచాయంటే అది తెరుచుకోదు."

తీసి పెడితే వీధిలోని సిమెంటు దుమ్మంతా తెల్ల చొక్కాల మీదే. ఆయన అటు వెళ్లగానే అమ్మ తలుపు మూసేసేది. మామయ్య నవ్వడం మానేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆకాశం కేసి చూసి ఆగిపోయేవాడు. ఆయన్ని చూస్తే నాకు భయం వేసేది, ఆ భయం పుట్టించినందుకు ఆయన మీదే కోపం వచ్చేది.

ఆ రోజు వీధి పైన మిగిలిన ఏడింటినీ కొట్టమని ఆర్డరు వచ్చింది. మధ్యాహ్నానికి మూడు పడ్డాయి. నాలుగోదానికి తాడు కడుతుంటే చేతి మీద చినుకు పడిందట. వెంటనే ఫోను చేశాడు. మా ఫోను బట్టల గుట్ట కింద ఉంది. మిషన్ల హోరులో మాకు ఫోనూ వినపడలేదు, వానా వినపడలేదు.

ముందు నా పాదాలకి తడి తగిలింది. తలుపు కింద నుంచి నీళ్లు పలచగా, చప్పుడు లేకుండా లోపలికి వస్తున్నాయి. తలుపు తోశాను. కదల్లేదు. ఇద్దరం కలిసి తోశాం. మెయిన్ స్విచ్చి ఆపి మళ్లీ తోశాను. నీళ్లు మోకాళ్లు దాటాయి. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ యూనిఫారాలు తీసి పై అరలో సర్దుతోంది.

"బట్టలు కాదమ్మా!" అని అరిచాను.

నా మొహం చూసి చొక్కాలు వదిలేసింది. "నేనే కొట్టించానే" అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నీళ్లు నడుం దాకా వచ్చేసరికి మర రంపం మోత వినిపించింది. తలుపు పైభాగంలోంచి దాని పళ్లు లోపలికి పొడుచుకొచ్చాయి. బయట గొంతు లోతు నీళ్లలో నిలబడి, రంపం తల మీదికి ఎత్తి కోస్తున్నాడు మామయ్య. కోసిన కంతలోంచి ముందు అమ్మని, తర్వాత నన్ను లాగాడు. వీధిలో పడి ముగ్గురం చాలాసేపు ఏడ్చాం.

మర్నాడు నీళ్లు తీసేశాక నీళ్లు పై మెట్టుకి ఎన్ని నిమిషాలకి తగిలాయో ఎదురు కొట్టు ఆవిడని అడిగి తెలుసుకుని, గోడ మీద ఏడు అని రాశాడు. మళ్లీ రంపం పట్టలేదు. ఆఫీసువాళ్లు ఇంకొకర్ని పంపించారు, వారం తిరక్కుండా ఆ నాలుగు చెట్లూ పోయాయి.

మేడ యజమాని సెల్లారుకి కొత్త ఇనప తలుపు పెట్టించి, గోడలకి సున్నం కొట్టించి, అద్దెకివ్వబడును అని బోర్డు తగిలించాడు. పది రోజుల్లో చంటిపిల్లతో ఒకావిడ దిగి, ఇస్త్రీ బల్ల వేసుకుంది. సంగతి తెలిసి మామయ్య అమ్మనడిగి నీలం సుద్దముక్క తీసుకుని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. ఇనప తలుపు కూడా గచ్చు మీదికే తెరుచుకుంటోంది.

తెల్ల గోడ మీద నలభై నుంచి ఏడు దాకా వరసగా రాసి, ఏ అంకె ఎందుకు తగ్గిందో చెప్పాడు. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అంతా విన్నది.

"ఇప్పుడెంత అన్నా?"

"ఆ నాలుగు చెట్లూ పోయాక పెద్ద వాన పడలేదమ్మా. నాకూ తెలీదు."

బయట గచ్చు మీద టప్పున ఒక చినుకు పడింది. పక్కనే ఇంకొకటి. మామయ్య వాచీ చూసుకున్నాడు.

"పిల్లని ఎత్తుకోమ్మా" అన్నాడు.